గింజల్లో బూజు విషం: నూనెలతో ఎంత ఆపగలం?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఖరీఫ్ మొక్కజొన్న కళ్లానికి చేరే వేళకే బంగాళాఖాతంలో వాయుగుండాలు మొదలవుతాయి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు వచ్చింది అక్టోబరులోనే. గాలివాన రెండు రోజుల్లో వెళ్లిపోతుంది. గింజలో తడి మిగిలితే మాత్రం ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే పచ్చటి బూజు అల్లుకుంటుంది. అది తయారుచేసే విషమే అఫ్లాటాక్సిన్. దీర్ఘకాలం ఒంట్లోకి చేరితే కాలేయ క్యాన్సర్‌కు దారితీస్తుంది. మామూలు వంట వేడికి విరగదు.

1974లో గుజరాత్, రాజస్థాన్ గిరిజన గ్రామాల్లో వానకు తడిసి బూజుపట్టిన మొక్కజొన్న తిని 106 మంది చనిపోయారు. ఆ మరణాల వెనుక అఫ్లాటాక్సిన్ ఉందని బయటపెట్టింది హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థే. ఇప్పుడు మన దేశంలో తృణధాన్యాలకు పరిమితి కిలోకు 15 మైక్రోగ్రాములు.

కందిపప్పుకు ఆముదం రాసి దాచడం మన ఇళ్లలో పాత అలవాటు. అది పురుగును ఆపుతుంది. పురుగు తొలిచిన గింజలోకే బూజు సులువుగా దూరుతుంది కనుక ఆ మేరకు మేలే. కానీ బూజును నేరుగా దెబ్బతీసేవి సుగంధ నూనెలు: వాములో థైమాల్, లవంగంలో యూజెనాల్, నిమ్మగడ్డిలో సిట్రాల్. ఇవి బూజు కణం పైపొరను బలహీనపరుస్తాయి. లోపలి సరుకు బయటికి కారిపోతుంది. మోతాదు తగ్గి బూజు బతికినా, విషం తయారీ మందగించడం ప్రయోగశాలల్లో చాలాసార్లు కనిపించింది.

మరి గోదాముల్లో ఎందుకు వాడటం లేదు? ఈ నూనెలు ఇట్టే ఆవిరైపోతాయి, ఘాటు వాసన గింజకు పడుతుంది, ఖర్చూ ఎక్కువే. అందుకే కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరిశోధకులు వాటిని కైటోసాన్ అనే పదార్థపు అతిసూక్ష్మ గుళికల్లో బంధించి, నెమ్మదిగా విడుదలయ్యేలా చూస్తున్నారు.

ఒకటి మరవకూడదు. నూనె బలమంతా విషం పుట్టకముందే. పుట్టిన విషాన్ని నూనె పూత కడిగెయ్యదు. కాబట్టి మొదటి మందు ఎండే. కోసిన పంటను బరకాలపై ఆరబోసి, మొక్కజొన్నలో తేమ 12 శాతానికీ, వేరుసెనగ పప్పులో 8 శాతానికీ దించాకే బస్తాకెత్తాలి. పచ్చబూజు పట్టిన గింజను ఏరి పారెయ్యాలి. పాడి పశువు దాణాలో కలిపితే ఆ విషం అఫ్లాటాక్సిన్ ఎం1గా మారి పాలలోకి దిగి మన గ్లాసుకే వస్తుంది.