ఇల్లు చూడ్డానికి అమ్మని తీసుకెళ్ళండి

నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్‌ని. అందుకే హైదరాబాద్‌లో ఫ్యామిలీ ఇల్లు వెతకాల్సి వచ్చినప్పుడు మొదట చేసిన పని ఎక్సెల్ షీట్ తెరవడం. అద్దె, మెయింటెనెన్స్, ఆఫీసుకి దూరం, పార్కింగ్, పవర్ బ్యాకప్, జిమ్... ఒక్కోదానికి ఒక కాలమ్, ఒక్కో కాలమ్‌కి మార్కులు. పదకొండు ఫ్లాట్లు చూసి, మార్కులు కూడి, ఫస్టు వచ్చినదానికి అడ్వాన్స్ ఇచ్చేశాను. ఆ ఇంట్లో పగలంతా ఉండబోయేది మా అమ్మ. ఆవిడ కోసం మాత్రం ఒక్క కాలమ్ కూడా పెట్టలేదు. ఆ సంగతి నాకు అయిదు నెలల తర్వాత గానీ తెలియలేదు.

మాది తూర్పుగోదావరి జిల్లా కోరుకొండ. రాజమండ్రికి సుమారు ఇరవై కిలోమీటర్లు. కొండ మీద నరసింహస్వామి గుడి ఉన్న కోరుకొండ అన్నమాట. సైనిక్ స్కూల్ ఉన్న కోరుకొండ వేరు, అది విజయనగరం దగ్గర. ఇంటి ఓనర్లలో సగం మంది "సైనిక్ స్కూలేనా బాబూ?" అని అడిగారు కాబట్టి ముందే చెప్పేస్తున్నా.

2023లో నాన్న పోయారు. ఏడాది పాటు అమ్మ ఊళ్ళో ఒక్కతే ఉంది. బీపీ, మోకాళ్ళ నొప్పులు. రాత్రి ఫోన్ ఎత్తకపోతే నేను గచ్చిబౌలిలో కూర్చుని, పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేసి "ఒకసారి మా తలుపు కొట్టండి" అని బతిమాలేవాణ్ణి. చివరికి 2024 అక్టోబర్‌లో నాతో పాటు తీసుకొచ్చేశాను.

పద్నాలుగో అంతస్తు

నేను తీసుకున్నది ఆఫీసుకి పది నిమిషాల దూరంలో ఉన్న గేటెడ్ కమ్యూనిటీలో, పద్నాలుగో అంతస్తు. అద్దె 38 వేలు, మెయింటెనెన్స్ ఇంకో 5 వేలు. స్విమ్మింగ్ పూల్, వాకింగ్ ట్రాక్, ఇరవై నాలుగ్గంటలూ కరెంటు. అమ్మ బాల్కనీలోకి వచ్చి ఒకసారి కిందికి చూసి, తల తిరుగుతోందని లోపలికి వెళ్ళిపోయింది. అలవాటవుతుందిలే అనుకున్నాను.

అలవాటు కాలేదు. కూరగాయలు కావాలంటే యాప్. ఆ యాప్ నా ఫోన్‌లో. ఎవరైనా మన ఇంటికి వస్తే గేటు దగ్గర ఆపి అనుమతి అడుగుతారు. ఆ మెసేజ్ కూడా నా ఫోన్‌కే. ఒకరోజు మా పెదనాన్న రాజమండ్రి నుంచి చెప్పకుండా వచ్చారు. నేను మీటింగ్‌లో ఉండి ఫోన్ చూసుకోలేదు. ఆయన చేతిలో మామిడికాయల ఊరగాయ డబ్బా పట్టుకుని నలభై నిమిషాలు గేటు బయట నిలబడ్డారు. పైన అమ్మ ఇంట్లోనే ఉంది, ఆవిడకి తెలియదు.

ఆ రాత్రి అమ్మ ఒక మాటంది. "ఆస్పత్రిలో ఉన్నట్టుంది రా నాన్నా. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి, ఎవరూ ఏమీ అనట్లేదు. ఇంటికెప్పుడు పంపుతారో తెలియట్లేదంతే."

మార్చిలో స్వామివారి కళ్యాణమని ఊరెళ్ళింది. ఫాల్గుణమాసంలో కోరుకొండ తీర్థం మాకు పెద్ద పండగ. తీర్థం అయిపోయింది. ఉగాది కూడా అయిపోయింది. అమ్మ మాత్రం తిరిగి రాలేదు. టికెట్ తీస్తానంటే "ఇంకో వారం చూద్దాంలే" అనేది. ఆ వారాలు మే దాకా సాగాయి.

తప్పిన లెక్క

మేలో ఊరెళ్ళినప్పుడు గొడవ పెట్టుకుందామనే వెళ్ళాను. అరుగు మీద కూర్చుని లెక్క వేస్తే తప్పు నాదేనని తేలింది. వారానికి 168 గంటలు. నేను ఆఫీసుకి వెళ్ళేది మూడు రోజులు. ఆఫీసు పక్కనే ఉండటం వల్ల నాకు మిగిలేది రోజుకి ఓ గంట, అంటే వారానికి మూడు గంటలు. ఆ మూడు గంటల కోసం అమ్మ దాదాపు 168 గంటలూ గడపాల్సిన చోటుని ఎంచుకున్నాను.

ఇల్లు చూసేటప్పుడు మనలో చాలామంది చేసే పొరపాటిదే అనుకుంటా. ఉద్యోగం ఎవరిదో వాళ్ళు ఇల్లు చూస్తారు. పగలంతా ఆ ఇంట్లో ఉండేది ఇంకొకరు. తల్లి కావచ్చు, భార్య కావచ్చు, చంటిపిల్లతో ఇంటి నుంచి పనిచేసే చెల్లి కావచ్చు. అద్దె కట్టేవాళ్ళ అవసరాలకే షీట్‌లో మార్కులన్నీ పడతాయి.

"సరే, ఈసారి నువ్వే చూడు" అన్నాను. అమ్మ నమ్మలేదు. అయినా వచ్చింది.

ఏరియా ముందు, ఫ్లాట్ తర్వాత

ఈసారి ఫ్లాట్ కంటే ముందు ఏరియా చూశాం. అమ్మ పెట్టిన షరతులు మూడే. నడిచి వెళ్ళేంత దూరంలో కూరగాయలు, మందుల షాపు, గుడి ఉండాలి. ఊరెళ్ళడానికి బస్సు దగ్గర్లో దొరకాలి. తెలుగులో మాట్లాడేవాళ్ళు నలుగురుండాలి.

ఈ మూడూ చెప్తే హైదరాబాద్‌లో ఎవరైనా కేపీహెచ్‌బీ పేరే చెప్తారు. కూకట్‌పల్లిలో ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో హౌసింగ్ బోర్డు కట్టిన కాలనీ. ఫేజులు, రోడ్డు నంబర్లతో అడ్రస్ తేలిగ్గా దొరుకుతుంది. 1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక హైటెక్ సిటీలో ఉద్యోగాలకొచ్చిన కోస్తా జిల్లాల వాళ్ళు చాలామంది కేపీహెచ్‌బీ, నిజాంపేట, మియాపూర్ వైపు స్థిరపడ్డారు. రాజమండ్రి, కాకినాడ వెళ్ళే ప్రైవేటు బస్సులు ఇక్కడే ఎక్కించుకుంటాయి. గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలంటే లింగంపల్లి స్టేషన్ కూడా మరీ దూరం కాదు.

ఇక నా ఆఫీసు సంగతి. మ్యాప్‌లో చూస్తే కేపీహెచ్‌బీ నుంచి హైటెక్ సిటీ అయిదారు కిలోమీటర్లే. మెట్రో ఉంది కదా అనుకుంటే పొరపాటు. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ వెళ్ళేది ఒక లైను, నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళేది ఇంకో లైను. అమీర్‌పేట దాకా వెళ్ళి, రైలు మారి, మళ్ళీ వెనక్కి రావాలి. 2022లో కైతలాపూర్ ఫ్లైఓవర్ తెరిచాక రోడ్డు దారి కొంత మెరుగైంది. అయినా మ్యాప్‌లో ఆదివారం మధ్యాహ్నం చూపించే టైముని నమ్మకండి. సోమవారమో మంగళవారమో, మీరు రోజూ బయల్దేరే టైముకి ఒకసారి స్వయంగా వెళ్ళి చూడండి. నేను ఉదయం తొమ్మిదికి బయల్దేరితే నలభై నిమిషాలు పట్టింది. ఎనిమిదింటికి అయితే పాతిక. ఇప్పుడు ఎనిమిదింటికే వెళ్తున్నాను.

అమ్మ అడిగినవి

జూన్, జూలై నెలల్లో తొమ్మిది ఇళ్ళు చూశాం. ఆషాఢమాసం కలిసొచ్చింది. ఆషాఢంలో కొత్త ఇంట్లో దిగేవాళ్ళు తక్కువ, కాబట్టి ఓనర్లు కాస్త బేరానికి దిగుతారు. వెతకడం, అడ్వాన్స్ ఇవ్వడం ఆషాఢంలో, దిగడం శ్రావణంలో.

నేను ఓనర్‌తో మాట్లాడుతుంటే అమ్మ నేరుగా వాచ్‌మన్ భార్య దగ్గరికి వెళ్ళేది. "ఏమ్మా, మొన్న ఎండాకాలంలో రోజుకెన్ని ట్యాంకర్లు వచ్చాయమ్మా?" ఓనర్ నాకు నీళ్ళకి లోటే లేదని చెప్పిన ఇంట్లోనే, ఆవిడ అమ్మకి రోజుకి నాలుగు ట్యాంకర్లని చెప్పింది. ఆ ట్యాంకర్ల డబ్బులు మెయింటెనెన్స్‌లో కలిసి మన మీదే పడతాయి.

జలమండలి నీళ్ళు వస్తాయా, రోజు విడిచి రోజా, ఎంతసేపు వదులుతారు అన్నవి విడివిడిగా అడగాలి. "నీళ్ళున్నాయా?" అంటే బోరు ఉన్నా "ఉన్నాయి" అనే అంటారు. నల్లా కనెక్షన్‌కి మీటరు, ఆధార్ అనుసంధానం ఉంటే నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితంగా ఇచ్చే పథకం 2021 జనవరి నుంచి నడుస్తోంది. ఆ అపార్టుమెంట్‌కి అది వర్తిస్తోందో లేదో కనుక్కుంటే మెయింటెనెన్స్ ఎందుకంత వస్తోందో అర్థమవుతుంది. బాత్రూమ్ కుళాయిల మీద తెల్లటి ఉప్పు మరకలుంటే బోరు నీళ్ళ మీదే ఎక్కువగా నడుస్తోందని అమ్మ కనిపెట్టేసేది. హైదరాబాద్ తాగే నీళ్ళలో ఒక భాగం ఎల్లంపల్లి దగ్గర గోదావరి నుంచే వస్తుందని చెప్తే మాత్రం తెగ సంతోషపడింది. "అయితే మన నీళ్ళేగా!"

రెండోది వాన. 2016 సెప్టెంబర్ వానలకి నిజాంపేట బండారి లేఅవుట్‌లో అపార్టుమెంట్ల సెల్లార్లు మునిగిపోయాయి. 2020 అక్టోబర్‌లో ఎన్ని కాలనీలు నీళ్ళలో ఉన్నాయో అందరం టీవీలో చూశాం. అద్దెకుండేవాళ్ళం కదా, చెరువు హద్దులతో మనకేం పని అనుకోవద్దు. పదిహెక్టార్లు, అంతకు మించిన చెరువులకి పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు బఫర్ జోన్. అందులో ఉన్న ఇంటికి వానొస్తే నీళ్ళ భయం, లేదంటే నోటీసుల భయం. సెల్లార్ గోడల మీద తడి చార ఎంత ఎత్తులో ఉందో చూడండి. కొత్త సున్నం వేసుంటే ఎదురుగా ఉన్న కిరాణా షాపతన్ని అడగండి.

మూడోది, ఒకే ఇంటిని రెండు వేళల్లో చూడటం. ఉదయం ఏడింటికి వెళ్తే మోటారు, లిఫ్టు, పార్కింగ్‌లో బళ్ళు తీసే గొడవ కనిపిస్తాయి. మధ్యాహ్నం మూడింటికి వెళ్తే పగటి వెలుగెంతో, పడమటి ఎండ ఏ గదిలో పడుతుందో, కారిడార్‌లో మనిషి అలికిడి ఉందో లేదో తెలుస్తుంది. ఈ చివరిది నా షీట్‌లో ఎప్పటికీ వచ్చేది కాదు.

వాళ్ళడిగే ప్రశ్నలు

ఓనర్లు కూడా మనల్ని అడుగుతారు. ఒంటరిగా వెతికినప్పుడు "బ్యాచిలర్స్‌కి ఇవ్వం" అన్నవాళ్ళే, అమ్మ పక్కనుంటే కుర్చీ వేశారు. నాన్‌వెజ్ తింటారా అన్నారు. ఇద్దరైతే ఊరూ ఇంటిపేరూ అడిగి, అవి చాలక "ఇంతకీ మీరేమిట్లు?" అని సూటిగా కులం అడిగారు. మొదటి ఇంట్లో నేను నసిగాను. రెండో ఇంట్లో అమ్మే లేచి, "అద్దె ఒకటో తారీఖుకి ఇస్తామండి. అంతకన్నా ఏం కావాలండి మీకు?" అని బయటికొచ్చేసింది. ఆ ఇల్లు బాగుంది, వెలుతురు బాగుంది. పోయింది. మెట్లు దిగుతూ అమ్మ "రోజూ మొహం చూడాల్సిన వాళ్ళు కదరా" అంది.

సంతకానికి ముందు

కాగితాల విషయం క్లుప్తంగా చెప్తా, ఎందుకంటే ఇక్కడే నాకు డబ్బు పోయింది.

• ఎక్కువగా 11 నెలల అగ్రిమెంటే రాస్తారు. పదకొండు నెలల తర్వాత అద్దె ఎంత శాతం పెరుగుతుందో అందులోనే రాయించుకోండి.

• మధ్యలో ఖాళీ చేస్తే ఏమవుతుందో చదవండి. నేను చదవలేదు. పాత ఫ్లాట్‌లో పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకున్నారు. దిగిన రోజే గోడలు, కుళాయిలు, ఫ్యాన్లు అన్నీ ఫోన్‌లో వీడియో తీసి ఓనర్‌కి పంపండి.

• 1200 చదరపు అడుగులని చెప్పేది చాలాసార్లు సూపర్ బిల్టప్. మెట్లు, లిఫ్టు, కారిడార్ వాటా కూడా అందులోనే. లోపల మనం నడిచే జాగాలో పావు వంతో, ఇంకా ఎక్కువో తగ్గుతుంది. మంచం, బీరువా కొలతలు రాసుకుని టేపు పట్టుకెళ్ళండి.

• ఏడాది అద్దె లక్ష దాటితే, ఆఫీసులో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపుకి ఓనర్ పాన్ నంబర్ ఇవ్వాలి. ఇస్తారో ఇవ్వరో ముందే అడగండి.

మూడో అంతస్తు

శ్రావణంలో పాలు పొంగించాం. కేపీహెచ్‌బీలో అయిదంతస్తుల పాత అపార్టుమెంట్, మూడో ఫ్లోర్. అద్దె 22 వేలు. లిఫ్టు నెమ్మది, పార్కింగ్ ఇరుకు, జిమ్ లేదు. నా పాత షీట్‌లో పెడితే దీనికి ఆఖరి ర్యాంకు. కిందికి దిగితే కూరగాయల బండి, సందు చివర గుడి. ఎదురు ఫ్లాట్‌లో కాకినాడ ఆవిడ. పెదనాన్న మొన్న మళ్ళీ చెప్పకుండానే వచ్చారు. నేరుగా పైకొచ్చి బెల్ కొట్టారు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. అమ్మ ఇప్పటికీ రెండు నెలలకోసారి కోరుకొండ వెళ్తుంది, ఇల్లు తుడిపించి, మొక్కలకి నీళ్ళు పోసి వస్తుంది. ఆ ఇల్లు అద్దెకిద్దామంటే ఒప్పుకోదు. నేనూ ఇప్పుడు అడగడం మానేశాను. తేడా ఒక్కటే, వెళ్ళే ముందు తిరుగు టికెట్ కూడా తనే తీసుకుంటోంది.

మీరు ఈ నెలలో ఇల్లు వెతుకుతుంటే నా షీట్ కావాలంటే వాడుకోండి, తప్పు లేదు. అడ్వాన్స్ ఇచ్చే ముందు మాత్రం, పగలంతా ఆ ఇంట్లో ఉండబోయే మనిషిని వెంటబెట్టుకుని ఇంకోసారి వెళ్ళి రండి. మీరు ఓనర్‌తో మాట్లాడుతూ ఉండండి. వాళ్ళని కాసేపు అలా వదిలెయ్యండి.