బెట్టకు విరుగుడు యూరియా కాదు.. నేల సత్తువే
మెట్టలో ఔషధ పంటలకు ఎరువుల మెలకువలు

నరసన్నపేట: వంశధార కాలువ నీరందే పల్లపు భూములు వరికే పరిమితం కాగా, నీరెక్కని గరువు భూములు వానలపైనే ఆధారపడి ఉన్నాయి. గోగు, చోడి, ఉలవ పండే ఇటువంటి ఎర్ర నేలలు అశ్వగంధ, నేలవేము, కలబంద వంటి ఔషధ మొక్కలకూ అనుకూలమే. అయితే మొక్క వాడగానే యూరియా బస్తా విప్పడం వరి రైతుకు అలవాటు. ఔషధ పంటల్లో ఈ అలవాటే నష్టం తెచ్చిపెడుతుంది.

బెట్టలో జరిగేదేమిటి?

నేలలో తేమ తగ్గితే మొక్క ఆకు రంధ్రాలను మూసుకుని నీటిని పొదుపు చేస్తుంది. ఫలితంగా ఎదుగుదల మందగిస్తుంది. అదే సమయంలో ఆత్మరక్షణకు కొన్ని రసాయనాలను అధికంగా తయారు చేసుకుంటుంది. అశ్వగంధ వేరులోని విథనోలైడ్లు, నేలవేము ఆకులోని ఆండ్రోగ్రాఫోలైడ్ వంటి పదార్థాలే ఔషధ గుణానికి మూలం. స్వల్ప బెట్టలో వీటి శాతం పెరిగే అవకాశం ఉన్నా, బెట్ట తీవ్రమైతే దిగుబడే పడిపోయి రైతుకు మిగిలేది తగ్గుతుంది.

యూరియాతో చేటు

పొడి నేలపై చల్లిన యూరియాలో కొంత అమ్మోనియాగా మారి గాలిలో కలుస్తుంది. మిగిలినది వేర్ల చుట్టూ లవణ సాంద్రతను పెంచి, ఉన్న కాస్త నీటినీ పీల్చుకోనివ్వదు. అశ్వగంధకు నత్రజని ఎక్కువైతే ఆకు గుబురుగా పెరుగుతుంది గానీ వేరు ఊరదు. ధర పలికేది వేరుకే. గుబురైన ఆకు నేలలోని తేమను మరింత త్వరగా ఖర్చు చేస్తుంది కూడా.

ముందు నేల, తర్వాతే ఎరువు

గరువు నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, నీటిని పట్టి ఉంచే శక్తి తక్కువ. ఆఖరి దుక్కిలో ఎకరాకు 4 టన్నుల చివికిన గత్తం వేయాలి. వేసవిలో పూడిక తీసిన చెరువు మట్టిని తోలుకుంటే తేమ నిలిచే రోజులు పెరుగుతాయి. వర్మీ కంపోస్టు, వేపపిండి మేలు చేస్తాయి. సాళ్ల మధ్య ఎండుగడ్డి గానీ ఆకులు గానీ పరిస్తే ఆవిరయ్యే నీరు తగ్గుతుంది. భాస్వరం వేరు లోతుకు దిగేందుకు, పొటాష్ ఆకు రంధ్రాలను అదుపు చేసేందుకు తోడ్పడతాయి. వీటిని భూసార పరీక్షను అనుసరించి దుక్కిలోనే అందించాలి. వాన లేని రోజుల్లో లీటరు నీటికి 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ (13-0-45) కలిపి సాయంవేళ పిచికారీ చేయవచ్చు. సేంద్రియ సరకు కోరే కొనుగోలుదారులు దీనిని అంగీకరించరు గనుక ముందుగా అడిగి తెలుసుకోవాలి.

సున్నం ఆమ్ల నేలకు, జిప్సం క్షార నేలకు మాత్రమే అవసరం. పొలంలో 8 నుంచి 10 చోట్ల 15 సెంటీమీటర్ల లోతు మట్టిని సేకరించి, కలిపి, అరకిలో నమూనాను పరీక్షకు పంపాలి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలను సంప్రదించి సలహాలు పొందవచ్చు.

మురుగు, మార్కెట్ మరువరాదు

బెట్టను తట్టుకునే అశ్వగంధ నిలవ నీటిని తట్టుకోలేదు. తుపాను వానలు సాధారణమైన ఈ ప్రాంతంలో మురుగు కాలువలు తప్పనిసరి. 2000 దశకం తొలినాళ్లలో సఫేద్ ముస్లీ దుంపలను అధిక ధరకు కొని, పంట చేతికొచ్చాక కొనేవారు లేక నష్టపోయిన రైతుల అనుభవం మరువరానిది. కొనుగోలుదారు ఎవరో, ఏ నాణ్యత కోరుతున్నారో రాతపూర్వకంగా తేల్చుకున్న తర్వాతే, తొలి ఏడాది పావు ఎకరాతో సాగు మొదలుపెట్టడం శ్రేయస్కరం.