కొలిమిలో తేలిపోని విశ్వాసము



మా కూర్మన్నపాలెం ప్రక్కనే విశాఖ ఉక్కు కర్మాగారమున్నది. అక్కడి పెద్ద కొలిములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు. ఇనుప ఖనిజము, కోక్ బొగ్గు, సున్నపురాయి లోపల వేసి వేడిగాలి పంపితే ఇనుము కరుగుతుంది. దానితో కూడ మష్టు కరుగుతుంది. పనివారు దానిని స్లాగ్ అంటారు. రెండూ ఎర్రగా మండుతూనే ప్రవహిస్తాయి. క్రొత్తగా చూచినవారికి ఏది ఇనుమో ఏది మష్టో తెలియదు. కాని మష్టు తేలికైనది గనుక పైకి తేలిపోతుంది, ఇనుము అడుగున నిలుస్తుంది. మష్టు సిమెంటుకు పనికివస్తుంది గాని, దానితో మన ఇంటి స్లాబుకు ఊచలు చేయలేరు.

ఆదివారము మందిరములో మనమందరము ఒక్కలాగే కనబడతాము. తెల్లని బట్టలు, చంకలో బైబిలు, నోట పాట, చేతిలో కానుక. ఇంటి గోడకు వాక్యము వ్రాసిన క్యాలెండరు. ఇవి చెడ్డవి కావు. అయితే వీటినిబట్టి ఎవరిలో ఇనుమున్నదో చెప్పలేము. వేడి తగిలినప్పుడే తెలుస్తుంది. ఆ వేడి చాలాసార్లు ఒకే విధముగా వస్తుంది: దేని కొరకు వచ్చామో ఆ మేలు ఆగిపోతుంది.

యోహాను సువార్త 6వ అధ్యాయములో ఇదే చూస్తాము. ఐదువేలమంది కడుపునిండ తిన్నారు. మరునాడు ప్రభువును వెదకుచు వచ్చారు. మీరు వచ్చినది రొట్టెల కొరకేనని ఆయన ముఖముమీదనే చెప్పాడు. లోతైన మాట చెప్పగానే అనేకులు వెనుకకు తిరిగిపోయారు. పన్నెండుమంది మిగిలారు.

మన తెలుగు సంఘ చరిత్రలోను ఇటువంటి పరీక్ష జరిగింది. 1876-78లో ఘోరమైన కరువు వచ్చింది. పెద్దలు ధాత కరువు అనేవారు. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనెరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని ఒప్పుకొని, ఆకలిగొన్నవారికి కూలి దొరికేటట్లు చేశారు. పనిచోటనే తెలుగు బోధకులు సువార్త చెప్పారు. అనేకులు బాప్తిస్మము అడిగారు. ఆయన ఇవ్వలేదు. అన్నము కొరకు వచ్చినవారెవరో, ప్రభువు కొరకు వచ్చినవారెవరో తేలాలని సుమారు పదిహేను నెలలు ఆగారు.

1878లో సహాయము ముగిసింది. ఇక ఇచ్చేదేమీ లేదని చెప్పినా ప్రజలు తిరిగిపోలేదు. సహాయము అక్కరలేదు, బాప్తిస్మమే కావాలన్నారు. ఆ సంవత్సరము జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఇచ్చినవారు ఆరుగురు తెలుగు బోధకులు. పొందినవారిలో ఎక్కువమంది నిరుపేద మాదిగ కుటుంబాలవారు. వారి హృదయములు దేవునికే తెలుసు. అయినా మేలు ఆగిన తరువాత వేసిన అడుగుకు ఒక బరువున్నది.

ఒక సంగతి మరువకూడదు. క్లౌ దొరగారు బాప్తిస్మము ఆపారు గాని పని ఆపలేదు. విశ్వాసమును పరీక్షించుట వేరు, ఆకలిగొన్నవానిని పరీక్షించుట వేరు.

ఇక మన సంగతికి వద్దాము. 2021 జనవరిలో ఉక్కు కర్మాగారమును ప్రైవేటుపరము చేయాలని కేంద్రము నిర్ణయించింది. ఆ ఫిబ్రవరిలోనే మా కూర్మన్నపాలెం కూడలిలో దీక్షా శిబిరము వెలసింది. అప్పటినుండి ఈ ప్రాంతములో అనేక ఇండ్లలో రేపటి భయము కాపురమున్నది. ఉద్యోగము వచ్చినప్పుడు కృతజ్ఞతా కూడిక పెట్టించి, అది పోయినప్పుడు ప్రార్థన మానివేస్తే, ఆనాడు మనము స్తోత్రము చెప్పినది ప్రభువుకా, జీతమునకా? పల్లెలో వాన రాక చేను ఎండినప్పుడు, బిడ్డ జ్వరము తగ్గనప్పుడు, కుదిరిన సంబంధము తప్పిపోయినప్పుడు ఎదురయ్యే ప్రశ్న కూడ ఇదే.

అయితే ఏడ్చుట అవిశ్వాసము కాదు. యోబు ఏడ్చాడు, దావీదు మొరపెట్టాడు. వారు దేవునివైపు తిరిగి ఏడ్చారు. ఆయనకు వీపు త్రిప్పలేదు.

ఈ వేడి నష్టపోయినవారికి మాత్రమే కాదు, చుట్టూ ఉన్న మనకు కూడ తగులుతుంది. జీతము పోయిన సహోదరుని ఇంటికి మనము ఇదివరకటివలె వెళ్తున్నామా? కానుక తగ్గినందుకు సంఘములో అతని మాటకు విలువ తగ్గిందా? బియ్యము లేని ఇంటివారికి దీవెన మాత్రమే చెప్పి పంపుట ఎందుకు పనికిరాదో యాకోబు తన పత్రిక 2వ అధ్యాయములో వ్రాశాడు.

ప్రియులారా, ఈ వారము కుటుంబ ప్రార్థనలో ఒక సాయంకాలము ఏమీ అడుగక, దేవుడు దేవుడైనందుకే ఆయనను స్తుతించండి. పిల్లలను కూడ కూర్చోబెట్టుకోండి. తరువాత కష్టములోనున్న ఒక ఇంటికి వెళ్లండి, వట్టి చేతులతో వెళ్లకండి. చేతులు నిండినప్పుడును ఖాళీ అయినప్పుడును ఆయననే పట్టుకొనే కృప ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.