మెదడు ధమని ఉబ్బిందా.. నిఘాయే రక్ష

తలనొప్పి అనో, కళ్లు తిరుగుతున్నాయనో స్కానింగ్‌ చేయించుకుంటే 'మెదడులోని ధమని మొదట్లో కొద్దిగా వెడల్పుగా ఉంది. కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేయించండి' అని వైద్యులు రాసిస్తుంటారు. ఆ మాట వినగానే కొందరు బెంబేలెత్తుతారు. మరికొందరు నొప్పి తగ్గింది కదా అని ఆ కాగితాన్ని అటకెక్కిస్తారు. రెండూ తగవు.

ఏమిటీ వెడల్పు?

పెద్ద ధమని నుంచి చిన్న ధమని చీలే చోట గరాటు ఆకారంలో వెడల్పు ఉండటం కద్దు. దీన్ని ఇన్‌ఫండిబులమ్‌ అంటారు. సాధారణంగా ఇది 3 మిల్లీమీటర్లకు మించదు. చాలామందిలో జీవితాంతం అలాగే ఉండిపోతుంది. అరుదుగా మాత్రం ఏళ్ల తరబడి రక్తపు ఒత్తిడికి గోడ బలహీనపడి బుడగలా ఉబ్బుతుంది. అదే ఎన్యూరిజమ్‌. పెద్దల్లో 100 మందిలో సుమారు ముగ్గురికి ఇలాంటి బుడగ ఉంటుందని అంచనా. వీటిలో అత్యధికం పగలవు. పగిలితే మాత్రం ప్రాణాపాయమే.

పరీక్షలు ఇవీ..

ఎం.ఆర్‌. యాంజియోగ్రామ్‌లో రేడియేషన్‌ ఉండదు. మందు ఎక్కించకుండానే తీయవచ్చు కనుక పదేపదే చేయడానికి అనువైనది. సి.టి. యాంజియోగ్రామ్‌కు మందు ఎక్కించాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి. అనుమానం తీరకపోతే తొడ లేదా మణికట్టు ధమని ద్వారా సన్నని గొట్టం పంపి డి.ఎస్‌.ఎ. పరీక్ష చేస్తారు. సాధారణంగా తొలి పరిశీలన ఆరు నెలల నుంచి ఏడాదిలోపు ఉంటుంది. మార్పు లేకుంటే వ్యవధి పెంచుతారు. బుడగగా మారి పెరుగుతుంటే క్లిప్‌ వేయడం, కాయిల్‌ నింపడం వంటి చికిత్సలను పరిశీలిస్తారు.

పాత ఫిలిం పారేయొద్దు

ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడాయే ఇక్కడ కీలకం. పాత ఫిలిం, సీడీ లేకుంటే వెడల్పు పెరిగిందో లేదో తేల్చడం కష్టం. ప్రతిసారీ వాటిని వెంట తీసుకెళ్లాలి. వీలైతే అదే రకం పరీక్ష చేయించుకోవాలి.

వీరు మరింత జాగ్రత్త

అధిక రక్తపోటు, పొగతాగే అలవాటు ఉన్నవారికి ముప్పు ఎక్కువ. రక్తసంబంధీకుల్లో ఇద్దరికి ఈ జబ్బు వచ్చినా, మూత్రపిండాల్లో వంశపారంపర్యంగా నీటితిత్తులు ఉన్నా అప్రమత్తంగా ఉండాలి. చుట్ట, బీడీ, సిగరెట్‌ మానాలి. ఒంట్లో బాగానే ఉందని బీపీ మాత్రలు సొంతంగా ఆపరాదు.

మునుపెన్నడూ లేనంత తీవ్రమైన తలనొప్పి హఠాత్తుగా వచ్చినా, దాంతోపాటు వాంతులు, మెడ బిగుసుకోవడం, స్పృహ తప్పడం వంటివి కనిపించినా క్షణం ఆలస్యం చేయరాదు. ఒక కంటి రెప్ప ఉన్నట్టుండి వాలిపోయినా అంతే. వెంటనే 108కు ఫోన్‌ చేసి పెద్దాసుపత్రికి తరలించాలి.