మందు కొట్టే ముందు మట్టి చూడండి

నర్సరీలో నీలంగా కనిపించిన హైడ్రాంజియా ఇంటికి తెచ్చాక మరుసటి ఏడు గులాబీ రంగులో పూస్తే, మొక్క మారిందనో జబ్బు చేసిందనో అనుకోకండి. అది మట్టి చేసిన పని. పీహెచ్ 5.5 కన్నా తక్కువ ఉన్న పుల్లటి నేలలో అల్యూమినియం కరిగి వేళ్లకు అందుతుంది, పువ్వు నీలమవుతుంది. పీహెచ్ 6.5 దాటిందా, అల్యూమినియం మట్టిలోనే ఉండిపోతుంది, పువ్వు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఆమ్లానికి ఎర్రబడే లిట్మస్‌కు ఇది పూర్తిగా తలకిందులు! ఊటీ, కొడైకెనాల్ తోటల్లో నీలి గుత్తులు విరగబూయడానికి చల్లదనంతో పాటు తేయాకుకు నచ్చే ఆ పుల్లటి నేలా కారణమే.

తెల్లపూల రకాలకు మాత్రం ఏం పోసినా రంగు రాదు.

నీలం కోసం కుండీలో తుప్పు మేకులు పాతే చిట్కా ఒకటి ఉంది. దండగ. కావలసింది ఇనుము కాదు, అల్యూమినియం. అల్యూమినియం సల్ఫేట్‌ను నీళ్లలో బాగా పలచగా కలిపి పోయాలి. మోతాదు మించితే వేళ్లు మాడతాయి. సూపర్ ఫాస్ఫేట్, ఎముకల పొడి వేస్తే వాటిలోని భాస్వరం అల్యూమినియాన్ని పట్టేసుకుని నీలానికి అడ్డుపడుతుంది.

ఆకు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది ఇనుము లోపం. మట్టిలో ఇనుము లేదని కాదు, సున్నం ఎక్కువై మొక్కకు అందడం లేదని. హైదరాబాద్‌లో సున్నం ఎక్కువున్న బోరు నీళ్లే పోస్తుంటే ఇది తప్పదు. వాన నీళ్లు పట్టి పోయండి, తొందరైతే చీలేటెడ్ ఐరన్ చల్లండి.

మిట్టమధ్యాహ్నం ఆకులు వాలిపోగానే చెంబు పట్టుకుని పరుగెత్తకండి. వెడల్పాటి ఆకుల నుంచి ఆవిరయ్యే నీటిని వేళ్లు అంత వేగంగా అందించలేవు, అంతే. సాయంత్రానికి లేస్తే దాహం కాదు, ఎండ దెబ్బ. మట్టిలో వేలు గుచ్చి చూడండి. తడి ఉండగానే మళ్లీ మళ్లీ పోస్తే వేరుకుళ్లు ఖాయం.

అసలు పూయడమే లేదా? ముందు కత్తెరను అనుమానించండి. మనకు బాగా తెలిసిన పెద్దాకుల రకం నిరుటి కొమ్మల మీదే మొగ్గ కట్టుకుంటుంది. చలికాలంలో చక్కగా కత్తిరించామని మురిసిపోయేవాళ్లు ఆ ఏటి పూలన్నీ చెత్తబుట్టలో వేసినట్టే. పూలు వాడిన వెంటనే కత్తిరించాలి. యూరియా అతిగా వేసినా అంతే, ఆకులు ఏపుగా పెరుగుతాయి గానీ పువ్వు రాదు. పాత కొమ్మల మీదా కొత్త కొమ్మల మీదా పూసే ‘ఎండ్‌లెస్ సమ్మర్’ అనే రకం 2004లో అమెరికా మార్కెట్లోకి వచ్చింది. కత్తెర ఆపుకోలేనివాళ్లకు అదే దిక్కు.

నిజమైన జబ్బులూ లేకపోలేదు. ఆకు మీద తెల్లటి పొడి పేరుకుంటే బూడిద తెగులు: మొక్కల మధ్య గాలి ఆడనివ్వాలి, ముదిరితే నీళ్లలో కరిగే గంధకం చల్లాలి, అదీ చల్లటి పూటే. ఊదారంగు అంచుతో గుండ్రటి మచ్చలు వస్తే ఆకుమచ్చ తెగులు: రాలిన ఆకులు ఏరేసి, నీళ్లు మొదట్లోనే పోయాలి.

ఏరేసిన ఆకుల్ని మేకలకు వేయకండి, పళ్లెంలో అలంకారంగానూ పెట్టకండి. ఈ మొక్క స్వదేశమైన జపాన్‌లోనే 2008లో వంటకం పక్కన పెట్టిన ఈ ఆకులు తిన్నవాళ్లు వాంతులతో ఇబ్బంది పడ్డారు.