విత్తనం ప్రోస్టేట్‌ది, నేల ఎముకది

ప్రోస్టేట్ అంటే మగవాళ్ళలో మూత్రాశయం కింద పెద్ద ఉసిరికాయంత ఉండే గ్రంథి. అక్కడ మొదలైన క్యాన్సర్ వెన్నెముకలో ఎందుకు తేలుతుంది? నిరుడు మా తాతయ్య రిపోర్టులు చదివినప్పట్నుంచీ నన్ను వదలని ప్రశ్న ఇది. బయాలజీని టెన్త్‌లోనే వదిలేసిన ఈఈఈ వాణ్ణి కాబట్టి, నాకు అర్థమైన భాషలోనే చెప్తా.

21వ క్రోమోజోమ్ మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే జన్యువు ఉంది. దాని స్విచ్చి మగ హార్మోన్ల చేతిలో ఉంటుంది. అదే క్రోమోజోమ్ మీద, దాదాపు 30 లక్షల డీఎన్ఏ అక్షరాల దూరంలో ఈఆర్‌జీ అనే ఇంకో జన్యువు. ప్రోస్టేట్ కణాల్లో అది మామూలుగా నిద్రపోతూ ఉంటుంది. మధ్య ముక్క ఎగిరిపోయి రెండు కొసలూ అతుక్కున్నాయనుకోండి, పక్కింటి స్విచ్చి నొక్కితే మన మోటారు తిరిగినట్టే. హార్మోన్ వచ్చినప్పుడల్లా ఈఆర్‌జీ ఆన్! దీన్ని 2005లో మిషిగన్ యూనివర్సిటీలో అరుల్ చిన్నయ్యన్ బృందం కనిపెట్టింది. యూరప్ మూలాలున్న రోగుల కణితుల్లో సుమారు సగంలో ఇది కనిపిస్తుంది, ఆసియా వాళ్ళలో తక్కువ.

ఇదొక్కటే చాలదు. పీటెన్ లాంటి బ్రేకు జన్యువులు కూడా పోతే కణితి మొండికేస్తుంది. కణాల్ని ఒకదానికొకటి అంటించి ఉంచే జిగురు ఈ-క్యాథరిన్. అది తగ్గితే కణం గుంపు వదిలి రక్తంలో పడుతుంది.

రక్తం ఒళ్ళంతా తిరుగుతుంది కదా, మరి ఎముకే ఎందుకు? 1889లో లండన్ సర్జన్ స్టీఫెన్ పేజెట్, రొమ్ము క్యాన్సర్‌తో చనిపోయిన 735 మంది వివరాలు చూసి, విత్తనం ఎక్కడ పడ్డా సరైన నేలలోనే మొలుస్తుందన్నాడు. నల్లరేగడి సంగతి తెలిసిన మనకి ఇది వింతేం కాదు. ఎముక మజ్జలో సీఎక్స్‌సీఎల్12 అనే ప్రోటీన్ ఉంటుంది. రక్తాన్ని పుట్టించే మూలకణాలు దాని జాడ పట్టుకునే మజ్జకి చేరతాయి. క్యాన్సర్ కణం కూడా అదే జాడ పట్టుకుని వెళ్ళి, వాటి గూట్లోనే తిష్ఠ వేస్తుంది. ఒక్కోసారి ఏళ్ళ తరబడి కదలకుండా పడుంటుంది. లేచాక ఎముక కట్టే కణాల్ని రెచ్చగొడుతుంది. అందుకే ఈ క్యాన్సర్ చేరిన చోట ఎక్కువగా ఎముక పెరుగుతుంది, ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది. కానీ అది అడ్డదిడ్డంగా కట్టిన గోడ. నొప్పెడుతుంది, విరుగుతుంది.

వీటన్నిటికన్నా ఇళ్ళల్లో తెలియాల్సింది మాత్రం బీఆర్‌సీఏ2 సంగతి. ఇది డీఎన్ఏని రిపేరు చేసే జన్యువు. రొమ్ము క్యాన్సర్‌తో దీని పేరు బయటికొచ్చింది గానీ, పుట్టుకతో ఇందులో లోపం ఉన్న మగవాళ్ళలో ప్రోస్టేట్ క్యాన్సర్ దూకుడుగా ఉంటుంది, త్వరగా పాకుతుంది. ఆ లోపం తండ్రి నుంచైనా తల్లి నుంచైనా, కొడుక్కైనా కూతురికైనా, సగం ఛాన్సుతో వస్తుంది. అంటే తాతయ్యకి చేసే టెస్టు అమ్మకీ, పిన్నికీ, నాకూ సంబంధించిందే. లోపం ఉందని తేలితే కూతుళ్ళు రొమ్ము స్క్రీనింగ్ తొందరగా మొదలుపెట్టుకోవచ్చు. రోగికేమో ఒలాపరిబ్ లాంటి మందు పనికొచ్చే అవకాశం ఉంది. క్యాన్సర్ కణంలో ఒక రిపేరు దారి ఎలాగూ మూసుకుపోయింది కదా, ఈ మందు రెండోదాన్ని కూడా మూసేస్తుంది.