నల్ల స్విచ్చిలో దాగిన కొయ్య

పిల్లలూ! పాత ఇళ్ళలో గోడకు బిగించిన నల్లటి గుండ్రని స్విచ్చిని మీరు చూసే ఉంటారు. అది దేనితో చేశారని అడిగితే, "బేకలైటుతో" అని మీ తాతగారు చెబుతారు. అది నిజమే. కాని అటువంటి స్విచ్చిల్లో చాలావాటిలో దాదాపు సగం కొయ్యపొడి ఉంటుందంటే నమ్ముతారా?

కరెంటు మన చేతికి తగలకుండా కాపాడవలసిన వస్తువులో కొయ్య ఎందుకు కలిపారు? ఈ కథ లక్కతో మొదలవుతుంది.

ఏటికొప్పాక లక్కబొమ్మలను మీరెరుగుదురు గదా! చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు తయారుచేసే ఈ లక్క, ఒకప్పుడు మన దేశం నుంచి ఓడలెక్కి పరదేశాలకు వెళ్ళేది. లక్క గుండా కరెంటు పోదు. అందుచేత తొలినాళ్ళ విద్యుత్ పరికరాలలో దానిని వాడేవారు. పరికరాలు పెరిగిన కొద్దీ లక్కకు గిరాకీ పెరిగి, దానికి బదులు మరొకటి కావలసి వచ్చింది. బెల్జియంలో 1863లో పుట్టి, అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఆ పనికి పూనుకున్నాడు. ఫినాల్, ఫార్మాల్డిహైడ్ అనే రెండు రసాయనాలను వేడి, ఒత్తిడి సాయంతో కలిపి, 1907లో బేకలైటును కనిపెట్టాడు. అది ఒకసారి గట్టిపడితే మళ్ళీ ఎంత వేడిచేసినా కరగదు.

అయితే ఉత్త బేకలైటు పెళుసు. మట్టిగోడ పెట్టేవారు మట్టిలో గడ్డి కలిపి తొక్కుతారు. ఎందుకు? గోడ బీటలు వారకుండా ఉండటానికి. అలాగే బేకలైటులో మెత్తటి కొయ్యపొడి కలిపారు. దానితో పెళుసుతనం తగ్గింది, ఖర్చూ తగ్గింది.

మరి కరెంటు సంగతి? బాగా ఎండిన కొయ్య గుండా కరెంటు దాదాపు పోదు. కాని అదే కొయ్య తేమతో నిండితే, కరెంటును అడ్డగించే దాని శక్తి వెయ్యి కోట్ల వంతులలో ఒక వంతుకు పడిపోవచ్చు! కొయ్య పోగులు సన్నని గొట్టాల వంటివి; అవి నీటిని ఇట్టే పీల్చుకుంటాయి. ఆ నీటిలో కరిగిన లవణాలు కరెంటును మోసుకుపోతాయి. కలపలో తేమను కొలిచే పరికరం ఒకటున్నది. దాని రెండు సూదులను కలపలో గుచ్చితే, వాటి మధ్య కరెంటు ఏ మాత్రం పోతున్నదో చూసి, తేమ ఎంతో చెబుతుంది.

బేకలైటులో ఆ కొయ్య తడవకుండా ఎలా ఉంటుంది? వేరుసెనగ పాకం ఉండను తలుచుకోండి. ప్రతి గింజ చుట్టూ పాకం ఉంటుంది. అలాగే ప్రతి కొయ్య రేణువు చుట్టూ బేకలైటు పొర ఉంటుంది. పాకం తక్కువై గింజలు ఎక్కువైతే గింజలు ఒకదానికొకటి తగులుతాయి. అప్పుడు తేమ రేణువు నుంచి రేణువుకు పాకిపోతుంది. ఈనాడు కొయ్యపొడినీ ప్లాస్టిక్‌నూ కలిపి తలుపులు, పలకలు చేస్తున్నారు. వాటికీ ఇదే సూత్రం: కొయ్య పాలు పెరిగితే తేమ పీల్చటమూ పెరుగుతుంది, తేమతోపాటు కరెంటుకు దారీ పెరుగుతుంది.

ఇంట్లో పెద్దల సాయంతో ఒక పరీక్ష చేయండి. ఒకే పుల్ల నుంచి మూడు సమానమైన ముక్కలు కోయండి. ఒకదానిని అలాగే ఉంచండి. రెండిటిని కరిగిన మైనంలో పూర్తిగా ముంచి తీయించండి. ఆరిన తరువాత, వాటిలో ఒకదాని చివర మైనం గీకివేయండి. మూడిటినీ తూచి, రాత్రంతా నీటిలో ఉంచి, తెల్లవారి తుడిచి మళ్ళీ తూచండి. ఏది ఎంత నీరు తాగిందో మీకే తెలుస్తుంది. గోడ కరెంటుతో మాత్రం ఏ పరీక్షా చేయరాదు!

చివరగా ఒక మాట. నేను పనిచేసిన ఒక బడిలో స్విచ్చి పగిలింది. ఆ పగులు నేను చూశాను. "వచ్చే వారం మార్పిద్దాంలే" అనుకున్నాను. ఇంతలో వాన పట్టింది. మా బంట్రోతు తడి చేత్తో దానిని నొక్కాడు. పగులులోని నీటి గుండా కరెంటు అతని చేతికి వచ్చి, విసిరికొట్టింది. అదృష్టవశాత్తు ప్రాణం దక్కింది. తప్పు స్విచ్చిది కాదు, చూసి ఊరుకున్న నాది.

కనుక పిల్లలూ, పగిలిన స్విచ్చి కనబడితే ముట్టుకోకండి. ఆ రోజే పెద్దలకు చెప్పండి. పెద్దలారా, వారు చెబితే వచ్చే వారం అనకండి.